రెండో గిటార్ ఉన్నవాళ్లకే ఈ తీగలు: డాడారియో ఈజే38హెచ్ నాష్‌విల్ ట్యూనింగ్ సెట్

డాడారియో ఈజే38హెచ్ సెట్‌లో ఆరు తీగలే ఉంటాయి గానీ, మామూలు గిటార్ సెట్ అనుకుని కొంటే తిప్పలే. పన్నెండు తీగల గిటార్‌లో తీగలు జంటలుగా ఉంటాయి కదా, ఆ జంటల్లోంచి సన్నవాటిని మాత్రమే ఏరి కట్టిన సెట్ ఇది. ఒకటి, రెండు తీగలు మామూలు శ్రుతిలోనే ఉంటాయి. మూడు నుంచి ఆరు దాకా నాలుగూ ఒక స్థాయి పైకి వెళ్తాయి. దీన్నే నాష్‌విల్ ట్యూనింగ్ అంటారు, హై స్ట్రంగ్ అన్నా ఇదే. కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటల రికార్డింగుల్లో మామూలు గిటార్ పక్కన మెరుపు కోసం వాయించే రెండో గిటార్ చాలాసార్లు ఇలా కట్టిందే.

పాట రాసేవాళ్లకి ఇది పనికొస్తుందా? వస్తుంది, ఇంట్లో రెండో గిటార్ ఉంటేనే. ఉన్న ఒక్క గిటార్‌కీ దీన్ని ఎక్కిస్తే వారంలోపే విప్పేస్తారు. ఎందుకో తెలియాలంటే తీగల దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

ఒకటో తీగ నుంచి ఆరో తీగ దాకా మందాలు వరసగా .010, .014, .009, .012, .018, .027 అంగుళాలు. మూడోదే అన్నిటికన్నా సన్నం, శ్రుతిలోనూ అన్నిటికన్నా పైది. తొలిసారి ఎక్కించేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చేయి అలవాటు కొద్దీ సన్నదాన్ని తీసుకెళ్లి ఒకటో తీగగా బిగిస్తుంది. .009కీ .010కీ తేడా కంటికి అందదు. అందుకే తీగలన్నీ ఒక్కసారి బయటికి తీసి కలిపేయకండి, ఒకటి బిగించాకే ఇంకోటి తీయండి. నున్నటి ఉక్కు తీగలు త్వరగా జారతాయి కాబట్టి ట్యూనింగ్ కడ్డీ చుట్టూ మూడు నాలుగు చుట్లు పడేంత పొడవు వదలాలి.

శ్రుతి చేసేటప్పుడు క్లిప్ ట్యూనర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. చాలా ట్యూనర్లు స్వరం పేరు చూపిస్తాయి, స్థాయి చెప్పవు. మూడో తీగ కింది స్థాయిలో ఉన్నా 'జి' అనే చూపిస్తుంది, తీగ మాత్రం పురికొసలా వేలాడుతుంటుంది. పై స్థాయికి చేరాక అనుమానంతో ఇంకా తిప్పితే పుటుక్కుమంటుంది. దగ్గరి దారి ఒకటుంది. ముందు ఒకటో తీగని శ్రుతి చేసి, దాని మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర నొక్కి వాయించండి. ఖాళీగా మీటిన మూడో తీగ సరిగ్గా ఆ స్వరమే పలకాలి. మిగతావాటికి మామూలు గిటార్ పక్కన పెట్టుకోండి: దాని రెండో తీగ మూడో ఫ్రెట్ ఇక్కడ నాలుగో తీగ, దాని మూడో తీగ రెండో ఫ్రెట్ ఇక్కడ ఐదో తీగ, దాని నాలుగో తీగ రెండో ఫ్రెట్ ఇక్కడ ఆరో తీగ.

మూడో తీగ సుమారు 392 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ ఎత్తులో ఉక్కు తీగ తెగే హద్దుకి దగ్గరగా ఉంటుంది, ఇంకాస్త మందం తీగ వేసినా ప్రయోజనం లేదు. మందం పెరిగితే దాన్ని ఆ శ్రుతికి తేవడానికి లాగాల్సిన బలమూ అంతే పెరుగుతుంది. తేడా వచ్చేది గిటార్ స్కేలు పొడవులో, అంటే తీగ మోగే భాగం పొడవులో. 25.4 అంగుళాల మార్టిన్ డి-18 లాంటి దానికన్నా 24.9 అంగుళాల 000-18 లాంటి దాని మీద బిగువు ఓ నాలుగు శాతం తక్కువ. .009 నున్నటి ఉక్కు తీగలు విడిగా దొరుకుతాయి, రెండు మూడు కొని ఉంచుకోవాలి. ఎలక్ట్రిక్ గిటార్ కోసం అమ్మేవైనా ఇదే ఉక్కు, నిశ్చింతగా వాడొచ్చు. పదే పదే ఒకే చోట తెగుతుంటే తప్పు తీగది కాదు, ఆ చోట ఏదో గరుకు ఉంది. శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) మీదైతే సన్నటి ఎమెరీ కాగితంతో ఒక్కసారి రుద్దితే చాలు.

ఒకటో తీగ .012 ఉండే మామూలు సెట్‌తో పోలిస్తే మొత్తం బిగువు దాదాపు పావు వంతు తగ్గుతుంది. తీగలు మెడని ముందుకి లాగే బలం తగ్గినా మెడ లోపల ఉండే లోహపు కడ్డీ, అంటే ట్రస్ రాడ్, మాత్రం వెనక్కి లాగుతూనే ఉంటుంది. దాంతో మెడ వెనక్కి వంగి మొదటి రెండు మూడు ఫ్రెట్‌ల దగ్గర తీగలు జరజరమంటాయి. వెంటనే రాడ్ మీద చేయి వేయకండి, ఒక రాత్రి ఆగండి. మర్నాడు ఒకటో ఫ్రెట్‌నీ మెడ ఒంటిని కలిసే చోటి ఫ్రెట్‌నీ నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ చూడండి. 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే వదిలేయొచ్చు. అసలు లేకపోతే రాడ్‌ని అపసవ్యంగా పావు చుట్టు వదులు చేసి మళ్లీ ఒక రాత్రి ఆగాలి.

నట్ (మెడ పై కొసన తీగలు గాడుల్లో కూర్చునే పట్టీ) సంగతి ఇంకో తలనొప్పి. మామూలు సెట్‌లోని .053 ఆరో తీగ కోసం కోసిన గాడిలో .027 తీగ అటూ ఇటూ కదులుతుంది, గట్టిగా మీటితే గిలక మోగినట్టు శబ్దం చేస్తుంది. దానికోసం నట్‌ని ఆకురాయితో రాయొద్దు, గాడి లోతవుతుందే తప్ప ఇరుకవదు. ఆ గిటార్‌ని శాశ్వతంగా దీనికే కేటాయిస్తే సన్న గాడులతో కొత్త నట్ చేయించుకోవడమే పద్ధతి. అందుకు ఖరీదైన గిటార్ అక్కర్లేదు. మంద్రం బలహీనంగా ఉందని మూల పడేసిన ప్లైవుడ్ గిటారే దీనికి సరైన బండి, ఈ తీగలకి మంద్రంతో పనే లేదు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి మాత్రం ఎక్కించకండి, బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

ఇప్పుడు వినిపించే సంగతి. మామూలు జి కార్డ్ పట్టండి, ఆరు తీగలూ మోగేలా. ఐదో తీగ రెండో ఫ్రెట్‌లో పలికే స్వరమూ ఖాళీ రెండో తీగ స్వరమూ ఒకటే అవుతాయి. ఖాళీ మూడో తీగా, మూడో ఫ్రెట్ నొక్కిన ఒకటో తీగా కూడా ఒకే స్వరం. సి కార్డ్‌లోనూ ఇలాంటి జంటలు రెండున్నాయి, 'ఈ' మైనర్‌లో రెండు, డిలో ఒకటి. పన్నెండు తీగల గిటార్ లాంటి తళుకు వచ్చేది ఈ జంటల వల్లే. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా అలలు అలలుగా వణికేదీ వీటివల్లే. మామూలు గిటార్ మీద చెవి క్షమించే తప్పుల్ని ఈ సెట్ క్షమించదు. పైగా ఖాళీ మూడో తీగది బాంజో ఐదో తీగ శ్రుతే. బొటనవేలూ రెండు వేళ్లతో ఆ తీగని వదలకుండా మీటుతూ ఉంటే బాంజో రోల్ వాసన వస్తుంది. కంట్రీ పాట రాసేవాళ్లకి ఈ ఒక్క గుణం చాలు, సగం డబ్బు గిట్టినట్టే.

రాయడంలో దీని లాభం ఏమిటంటే, అవే మూడు కార్డులు కొత్తగా వినిపిస్తాయి. చేయి అరిగిపోయిన జి, సి, డిల దగ్గరే ట్యూన్ ఆగిపోయినప్పుడు కార్డులు మార్చే బదులు గిటార్ మార్చి చూడొచ్చు. మంద్రం లేకపోవడంతో గొంతు కిందికి దిగడానికి ఖాళీ దొరుకుతుంది. చరణాన్ని మాట్లాడినట్టు తక్కువ స్వరాల్లో నడపాలనుకునేవాళ్లకి ఇది బాగా కుదురుతుంది. నష్టమూ అక్కడే ఉంది. బొటనవేలితో ఆరో తీగా నాలుగో తీగా మార్చి మార్చి వాయించే కంట్రీ నడక దీనిమీద నిలబడదు. జి నుంచి సికి మంద్రంలో మెట్లు దిగుతూ ఎక్కుతూ వెళ్లే సంగతులు మధ్యస్థాయిలో పడి చప్పబడిపోతాయి. ఇంకో ప్రమాదం, తళుకే ట్యూన్ అనిపించడం. దీనిమీద పుట్టిన పల్లవిని అదే రోజు మామూలు గిటార్ మీద, వీలైతే గిటారే లేకుండా పాడి చూడాలి. చివరి మాట, అంటే శీర్షిక పడే చోటు, ఒట్టి గొంతుతో నిలబడకపోతే ఆ పల్లవి ఇంకా తయారవలేదన్నమాట.

నాష్‌విల్‌లో ఇద్దరు ముగ్గురు కూర్చుని కలిసి పాట రాయడం మామూలు. ఇద్దరూ ఒకే జి కార్డ్‌ని ఒకే చోట వాయిస్తే గదంతా బురద. ఒకరి చేతిలో ఇలా కట్టిన గిటార్ ఉంటే ఆ గొడవ పోతుంది. పాటలోని కార్డుల్ని పేర్లతో కాకుండా శ్రుతిలో వాటి వరసని బట్టి 1, 4, 5, 6- (గీత ఉంటే మైనర్) అని అంకెల్లో రాసుకుంటే ఎవరి కేపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే పట్టీ) వాళ్లది, ఎవరి చేతివాటం వాళ్లది. ఈ అంకెల పద్ధతిని 1950ల చివర్లో జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ జూనియర్ మొదలుపెట్టగా, చార్లీ మెకాయ్ లాంటి స్టూడియో వాద్యకారులు వ్యాపింపజేశారు. జి శ్రుతి పాటకి మామూలు గిటార్ కేపో లేకుండా వాయిస్తే, రెండోది మూడో ఫ్రెట్‌లో కేపోతో 'ఈ' కార్డ్ ఆకారాలు పట్టొచ్చు. అంతకన్నా పైకి వెళ్తే ఈ తీగలు కీచుమంటాయి. గట్టి స్ప్రింగ్ ఉన్న కేపోలు సన్న తీగల్ని నొక్కేసి శ్రుతి పెంచుతాయి, మరతో బిగువు సర్దుకునే రకమే మేలు.

డెమో రికార్డింగ్‌లో పద్ధతి సులువు. స్టీరియోలో మామూలు గిటార్‌ని ఒక పక్కకి, దీన్ని రెండో పక్కకి పూర్తిగా తోసేయండి. రెండూ విడివిడిగా వాయించాలి, ఒకే వాయింపుని కాపీ చేస్తే వెడల్పు రాదు. మైకు పన్నెండో ఫ్రెట్ ఎదురుగా ఓ జానెడు దూరంలో ఉండాలి, సౌండ్ హోల్ ఎదురుగా వద్దు. 0.46 నుంచి 0.60 మిల్లీమీటర్ల పల్చటి పిక్ వాడండి, మందపు పిక్‌తో తీగ మోత కన్నా పిక్ తగిలిన చప్పుడే ఎక్కువ పడుతుంది. ఆరో తీగే సుమారు 165 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి 120 కింద ఉన్నదంతా కోసేయొచ్చు, అక్కడ ఉండేది చేయి తగిలిన చప్పుళ్లే. శబ్దం మామూలు గిటార్ కన్నా ఆరు డెసిబెళ్లు తక్కువలో మొదలుపెట్టి చూడండి. 'స', 'ష' అక్షరాలు గీరుతున్నట్టు వినిపిస్తే గొంతుని తప్పుపట్టకుండా ముందు ఈ ట్రాక్‌ని 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల రెండు మూడు డెసిబెళ్లు తగ్గించండి. పాట మొదటి నుంచీ దీన్ని మోగించడం దండగ. మొదటి చరణం అయ్యాక పల్లవితో పాటు లోపలికి వస్తే శ్రుతి మార్చకుండానే పాట లేచినట్టు ఉంటుంది. ఒక గొంతు, ఒక గిటార్‌తోనే డెమో ఇవ్వాల్సి వస్తే మాత్రం ఆ ఒక్కటీ మామూలు గిటారే కావాలి.

తీగల ఆయుష్షు మరీ గొప్పది కాదు, మరీ తీసికట్టూ కాదు. ముందు మసకబారేది .027. నున్నటివి చెమట పడిన చోట గరుకు తేలతాయి, వాయించాక పొడిగుడ్డతో కింది వైపు కూడా తుడిస్తే కొంతకాలం ఎక్కువ వస్తాయి. ఖాళీ తీగలన్నీ శ్రుతిలో ఉండి జి కార్డ్‌లో జంట స్వరాలు మాత్రం కలవకపోతే, ముందు కేపో తీసేసి, వేళ్ల బిగువు తగ్గించి చూడండి. అయినా వణికితే మూడో తీగ ఒక్కటే మార్చండి. అప్పటికీ కుదరకపోతేనే కొత్త సెట్ కొనాలి.