రాజులు, నాయకుల జీవిత కార్డులు: కొనే ముందు తిరగేసి చూడండి

పాలకుల జీవితాలను పిల్లలకు పరిచయం చేసే ఈ కార్డుల పెట్టెలో బొమ్మలు బాగున్నాయి, అక్షరాలు పెద్దవి. అక్బర్ కార్డు చక్కగా కుదిరింది: 1542లో ఉమర్‌కోట్‌లో పుట్టుక, 1556లో కలనౌర్‌లో పట్టాభిషేకం, అప్పటికి పదమూడేళ్లే, వెనక సంరక్షకుడు బైరం ఖాన్ అండ. ఒక్క కార్డులో అంతకంటే ఏం కావాలి?

చిక్కంతా తేదీల దగ్గరే. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు కార్డు ముందువైపు 1732 ఫిబ్రవరి 22, వెనకవైపు 1731 ఫిబ్రవరి 11. నిజానికి రెండూ ఒకే రోజు! బ్రిటన్, వాషింగ్టన్ పుట్టిన అమెరికా ప్రాంతంతో సహా దాని వలసలు 1752లో, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారాయి. అంతకుముందు వాళ్ల తేదీ పదకొండు రోజులు వెనక నడిచేది, కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఈ ముక్క రాయకపోతే పిల్లలు అచ్చుతప్పు అనుకోరూ?

నెపోలియన్ ‘5 అడుగుల 2 అంగుళాల పొట్టివాడు’ అన్నది మాత్రం శుద్ధ తప్పు. అవి పాత ఫ్రెంచి అంగుళాలు, ఒక్కోటి సుమారు 2.7 సెంటీమీటర్లు. 62 అంగుళాలు లెక్కేస్తే దాదాపు 168 సెంటీమీటర్లు, ఆ కాలానికి మామూలు ఎత్తే. పెట్టె కొన్నవాళ్లు పిల్లల చేతికిచ్చే ముందే ఆ కార్డును పెన్నుతో దిద్దాలి.