మూడేళ్ళు వాడాక చెప్తున్నా: పిల్లలకి స్క్రీన్ లేని కథల పెట్టె

పాపకి మూడేళ్ళప్పుడు మొదటి ఆడియో ప్లేయర్ కొన్నాం. ఇప్పుడు పాపకి ఆరు నిండాయి, తమ్ముడికి మూడు నడుస్తోంది. ఈ మధ్యలో మా ఇంటికి మూడు ప్లేయర్లు వచ్చాయి. ఒకటి మూలపడింది, రెండు రోజూ మోగుతున్నాయి. మేం న్యూజెర్సీలో ఉంటాం. తెలిసిన తెలుగువాళ్ళు "ఏది కొనమంటారు?" అని అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: మీ అమ్మగారి గొంతు అందులోకి ఎక్కించడం ఎంత తేలిక? దాన్ని బట్టే ఎంచుకోండి అంటాను.

అప్పట్లో పాప ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగేది కాదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజు మొత్తమ్మీద గంటకి మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా ఇంట్లో ఒక్క రాత్రి అన్నానికే ముప్పావుగంట అయిపోయేది. ఫోన్ బోర్లించి కథలు పెట్టి చూశాను. రెండో రోజుకే తిప్పేసింది. కింద బొమ్మలు ఉన్నాయని తెలిసిన పిల్ల ఎందుకు ఊరుకుంటుంది?

మొదట తీసుకున్నది చవకరకం ఎంపీ3 ప్లేయర్, మెమరీ కార్డు వేసుకునేది. ఆపి మళ్ళీ పెడితే ప్రతిసారీ మొదటి కథ దగ్గరికే వెళ్ళిపోయేది. ఫైళ్ళకి 01, 02 అని పేర్లు పెట్టినా ఆ వరసలో వచ్చేవి కావు. ఇలాంటి చాలా ప్లేయర్లకి ఫైలు పేరుతో పనిలేదు, కార్డులోకి ఏది ముందు కాపీ అయితే అదే ముందు మోగుతుంది. అన్నీ చెరిపేసి ఒక్కొక్కటే వరసగా ఎక్కించాలన్న సంగతి నాకు తెలిసేసరికి నెలలు గడిచాయి, ఛార్జింగ్ పిన్నూ వదులైపోయింది. వీటన్నిటికన్నా పెద్ద లోటు, పాప తనకి కావాల్సిన కథ తను పెట్టుకోలేకపోవడం. ప్రతిసారీ "అమ్మా, ఏనుగు కథ" అంటూ వంటింట్లోకి రావాల్సిందే. పిల్లల చేతికి ఇచ్చే వస్తువు పిల్లల చేతిలో నడవకపోతే అది పెద్దవాళ్ళ వస్తువే.

తర్వాత యోటో మినీ కొన్నాం, అప్పుడు 70 డాలర్లు. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, పైన ఒక సందు. అందులో కార్డు దోపితే కథ మొదలవుతుంది, తీస్తే ఆగుతుంది. ఎడమ పక్క మరతో సౌండు, కుడి పక్క మరతో కథ మార్చడం. ముందు భాగంలో 16×16 చుక్కల చిన్న బొమ్మ వెలుగుతుంది. అది కూడా వద్దనుకునేవాళ్ళు ఉంటారు గానీ, మాకు అదే బాగా అక్కరకొచ్చింది. మనం ఎక్కించిన ప్రతి కథకీ ఒక బొమ్మ ఎంచుకోవచ్చు. అక్షరాలు రాని వయసులోనే పాప మర తిప్పుతూ, ఏనుగు బొమ్మ రాగానే ఆపి వినేది. "అమ్మా" అన్న పిలుపు ఆగిపోయింది.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: కథ కార్డులో ఉండదు. కార్డులో ఉన్నది గుర్తు మాత్రమే. ప్లేయర్ దాన్ని చదివి వైఫైలో కథ దించుకుని లోపల దాచుకుంటుంది, ఆ తర్వాత వైఫై లేకపోయినా మోగుతుంది. అందుకని ఇండియా ప్రయాణానికి ముందు కార్డులన్నీ ఇంట్లోనే ఒకసారి పెట్టి, పూర్తిగా దిగనిచ్చి బయల్దేరతాం. మా దగ్గరున్న రెండు ప్లేయర్లూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, రౌటర్‌లో అది ఆన్‌లో ఉండాలి.

మూడోది టోనీబాక్స్, బాబు పుట్టినరోజుకి బహుమతిగా వచ్చింది. మెత్తటి గుడ్డ చుట్టిన పెట్టె. పైన బొమ్మ నిలబెడితే అయస్కాంతంలా అతుక్కుని కథ మొదలవుతుంది. పెద్ద చెవి నొక్కితే సౌండు పెరుగుతుంది, చిన్న చెవి నొక్కితే తగ్గుతుంది, పక్కన చరిస్తే తర్వాతి కథ. తెర అన్నదే లేదు. రెండేళ్ళ పిల్లాడు నిమిషంలో నేర్చేసుకున్నాడు, మెట్ల మీంచి దొర్లించినా ఏమీ కాలేదు. మన గొంతు పెట్టుకునే బొమ్మలూ ఉన్నాయి, ఒక్కోదాంట్లో 90 నిమిషాలు పడుతుంది. మా అమ్మ చెప్పే కథ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, అంటే ఆరో ఏడో. మన కథలు పెట్టుకునే యోటో ఖాళీ కార్డు ఒక్కోదానికి ఐదు గంటల దాకా జతచేసుకోవచ్చు, ఇరవై కథలు సులువుగా.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండింటికీ ఇంగ్లిష్ కథలు బోలెడు దొరుకుతాయి. తెలుగు మాత్రం మనమే పెట్టుకోవాలి. తెనాలిలో ఉన్న అమ్మని ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాను. మొదటి నాలుగూ పాఠం అప్పజెప్పినట్టు వచ్చాయి. ఎదురుగా ఎవరూ లేకుండా ఆమెకి కథ రావట్లేదు. పక్కింటి పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని చెప్పమన్నాను. ఇక చూడండి, పేదరాశి పెద్దమ్మ ఇంట్లోకి వచ్చేసింది! పిల్లాడి ఊఁలు, మధ్యలో కుక్కర్ కూత, వీధిలో కూరగాయల బండి కేక, అన్నీ అందులోనే.

నేను కూర్చుని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శుభ్రం చేశాను. పిల్లాడి ఊఁలు తీసేశాను, మాటకీ మాటకీ మధ్య ఖాళీలు కత్తిరించాను. పదిహేను నిమిషాల కథ పదకొండుకి వచ్చింది, ఎక్కువ కథలు పడతాయని సంతోషించాను. ఆ రాత్రి పాప రెండు నిమిషాలు విని కార్డు బయటికి లాగేసింది. "అమ్మమ్మ ఆగట్లేదు" అంది. నాకు అర్థం కాలేదు. "నేను ఊఁ అనేలోపే చెప్పేస్తోంది."

అమ్మ ప్రతి మాట తర్వాతా ఊఁ కోసం ఆగుతుంది. మేం చిన్నప్పుడు ఊఁ కొట్టకపోతే కథ ముందుకి కదిలేది కాదు, నిద్రపోయామని ఆపేసేది. వీడియో కాల్‌లో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఆ అలవాటు పాప పెట్టె ముందు కూడా వదల్లేదు. మర్నాడు అసలు రికార్డింగులే ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. ఇప్పుడు పిల్లలిద్దరూ చీకట్లో పడుకుని పెట్టెకి ఊఁ కొడతారు. కుక్కర్ కూత ఎక్కడొస్తుందో బాబుకి కంఠతా వచ్చు, దానికన్నా ముందే కూస్తాడు. "చద్దిమూట అంటే లంచ్ బాక్సా?" అని పాప అన్నం తింటూ అడిగింది. ఫోన్ పక్కన లేదు, ముద్ద దిగుతోంది.

ఎక్కించేటప్పుడు నేను పాటించేవి రెండే. వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఓపస్ ఫార్మాట్‌లో వస్తుంది, దాన్ని ఎంపీ3కి మార్చుకుంటాను. మాటలకి 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు), మోనో (ఒకే ఛానల్) చాలు, గంటకి 29 ఎంబీ అవుతుంది. అన్ని కథల సౌండూ ఒక మట్టానికి తెస్తాను. లేకపోతే ఒకటి గుసగుసలా, తర్వాతిది అరుపులా వచ్చి, నిద్రలోకి జారిన పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది.

లోట్లూ చెప్పాలి. కొన్న కథల కార్డులూ బొమ్మలూ ఖరీదే, ఏడాదిలో ప్లేయర్ ధర దాటేస్తాయి. కార్డులు సోఫా సందుల్లోకి జారిపోతాయి, మావి మూడు ఇంతవరకూ దొరకలేదు. సెకండ్ హ్యాండ్‌లో యోటో మినీ కొనేవాళ్ళు, బ్యాటరీ వేడెక్కే సమస్య వల్ల పాత వాటికి 2024లో అమెరికాలో రీకాల్ ప్రకటించారని గుర్తుంచుకుని, మోడల్ చూసుకుని తీసుకోండి.

మూడేళ్ళ లోపు పిల్లలకైతే బొమ్మల పెట్టె, అంటే టోనీబాక్స్, కొనండి. మూడు దాటి, అమ్మమ్మో నాయనమ్మో కథలు చెప్పే ఇల్లైతే కార్డుల పెట్టె, అంటే యోటో. ఇండియాలో అమ్మానాన్నల దగ్గర కారవాన్ (పాత పాటలు నింపి అమ్మే సరిగమ వాళ్ళ రేడియోలాంటి పెట్టె) ఉంటే కొత్తది కొనక్కర్లేదు, దాని యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టి ఇవే కథలు వినిపించొచ్చు.

కంపెనీ సర్వర్‌లో ఉన్నాయి కదా అని అసలు ఫైళ్ళు మాత్రం చెరపకండి. మా అమ్మవి ఇప్పటికి 63 కథలయ్యాయి. ఒక కాపీ నా హార్డ్ డిస్కులో ఉంది, ఇంకోటి హైదరాబాద్‌లో మా అన్నయ్య దగ్గర.