ఐదేళ్లుగా వాడుతున్న బైనాక్యులర్స్, దానికున్న ఒక వదులు రింగు

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక రింగు మీద కోపంతో రాస్తున్నది. బైనాక్యులర్స్‌లో కుడి కన్ను పెట్టే చోట, గొట్టం చుట్టూ సన్నటి రింగు ఒకటి ఉంటుంది. డయాప్టర్ అంటారు. రెండు కళ్ల పవర్‌లో తేడా ఉన్నవాళ్లు దాన్ని తిప్పి సరిచేసుకోవాలి. కొన్న రోజు ఒకసారి సరిచేసుకుంటే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. నా దాంట్లో మాత్రం ఆ రింగు తనంతట తానే తిరుగుతుంది. ఆ సంగతి నాకు తెలియడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది.

కంపెనీ పేరు రాయను. 8×42 రకం, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, 11,000 రూపాయలు పెట్టి కొన్నాను. పది రెట్లది ఎందుకు తీసుకోలేదని అడుగుతుంటారు. మైసూరు దగ్గర రంగనతిట్టు పక్షుల అభయారణ్యంలో పడవ ఎక్కితే తెలుస్తుంది ఎందుకో. పడవ ఊగుతుంటే పది రెట్లదాంట్లో కొంగ కూడా ఊగుతుంది, రాతి మీద పడుకున్న మొసలి కూడా ఊగుతుంది. పక్కాయన దాంట్లో చూశాను, కడుపులో తిప్పింది. ఎనిమిది రెట్లది చేతిలో నిలకడగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నా మాట ఇప్పటికీ మారలేదు.

మేముండేది బెంగళూరులో, రామమూర్తి నగర్ వైపు, మొదటి అంతస్తు అద్దె ఇల్లు. పెరడు ఓనరు గారిది, పిట్టలు మావి. ప్రహరీ పక్కన సింగపూర్ చెర్రీ చెట్టు ఒకటి ఉంది, కొమ్మలు మా బాల్కనీ గ్రిల్లు దాకా వస్తాయి. పొద్దున ఆరున్నరకి పికిలిపిట్టలు దిగుతాయి. ఎండాకాలమైతే కోయిల అంతకన్నా ముందే లేపేస్తుంది. బొటనవేలంత ఉండే ఫ్లవర్‌పెకర్ ఒకటి రోజంతా టిక్ టిక్ మంటూ ఆ పండ్ల మధ్యే తిరుగుతుంది. మామూలు కంటికి అది ఎగిరే ఆకులా ఉంటుంది. దాని ముక్కు కాస్త వంకరగా, లేత రంగులో ఉంటుందని నాకు ఈ బైనాక్యులర్స్ కొన్నాకే తెలిసింది.

కొన్న రెండో నెలలో తేనెపిట్ట మా బట్టల తీగకి గూడు కట్టడం మొదలెట్టింది. నేను హాల్లో కుర్చీ వేసుకుని, తలుపు సందులోంచి చూసేవాణ్ణి. ఆడపిట్ట సాలెగూటి దారం ముక్కున పట్టుకొచ్చి, తీగ చుట్టూ తిప్పి, ఒకసారి లాగి చూసి మళ్లీ తిప్పేది. మా అమ్మ పూలదండ ముడి వేసేటప్పుడు అలాగే లాగి చూస్తుంది. తర్వాత ఎండు ఆకుల పీచు తెచ్చింది, బెరడు ముక్కలు తెచ్చింది, గొంగళిపురుగుల పెంటికలు కూడా తెచ్చి బయట అతికించింది. దూరం నుంచి చూస్తే అది గూడు అనుకోరు, గాలికి చిక్కుకున్న చెత్త అనుకుంటారు. పక్కన చిన్న ద్వారం, దాని మీద చూరు. నెల దాటినా ఆ తీగ మీద బట్టలు ఆరేయలేదు మేము. కంటి ముందు గూడు పెట్టుకుని చూసినట్టుంది. ఆ ఊపులో నలుగురికి ఇదే కొనమని చెప్పాను. ఇద్దరు కొన్నారు.

ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. రెండు మీటర్ల దగ్గరి వస్తువు కూడా స్పష్టంగా కనిపిస్తుందని డబ్బా మీద ఉంది. నేల మీద టైల్స్ లెక్కపెట్టి చూశాను. మా ఇంట్లోవి రెండడుగుల టైల్స్, నాలుగు టైల్స్ దూరం ఉంటేగానీ తేటపడట్లేదు. ఎనిమిదడుగులన్నమాట. హాలు కాస్త పెద్దది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తేనెపిట్ట వైభోగం నాకు దక్కేది కాదు.

ఇక రింగు దగ్గరికి వస్తా. నా ఎడమ కంటికి మైనస్ రెండు, కుడి కంటికి మైనస్ మూడున్నర. కళ్లజోడు పెట్టుకుని చూస్తే దృశ్యం గుండ్రం సగానికి తగ్గిపోతుంది, అందుకని జోడు తీసి నుదుటి మీదికి తోసుకుని చూస్తాను. అలా చూసేవాడికి ఆ రింగే ప్రాణం. కొన్న రోజున షాపతను చెప్పినట్టే కుడి వైపు మూసి, ఎడమ కంటితో ఎదురు బిల్డింగు మీది నీళ్ల ట్యాంకు చూసి, నడిమి చక్రం తిప్పి తేటపరిచాను. తర్వాత ఎడమ వైపు మూసి, కుడి కంటికి ఈ రింగు తిప్పాను. మైనస్ వైపు రెండో గీత దగ్గర ఆగింది. అంతే, మళ్లీ దాని వైపు చూస్తే ఒట్టు.

మూడో ఏడాది నుంచి ఏదో తేడా మొదలైంది. పిట్ట కనిపిస్తుంది, కానీ కుదురుగా అనిపించదు. చక్రం అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి, ఈలోగా అది ఎగిరిపోతుంది. హెబ్బాళ చెరువు దగ్గర గంటసేపు చూసి వస్తే తలనొప్పి. మొదట మా అబ్బాయిని తిట్టాను, ఎక్కడో పడేసుంటాడని. వాడు దేవుడి మీద ఒట్టేశాడు. తర్వాత నా కళ్ల మీదికి పోయింది అనుమానం. వయసు నలభై ఆరు, శుక్లమేమోనని టెన్షన్. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే శుక్లం లేదు, పవర్ పావు పెరిగిందన్నారు. 6,500 పెట్టి కొత్త అద్దాలు చేయించుకున్నాను.

"ఏమండీ, మీరు జోడు తీసేసి కదా దాంట్లో చూసేది? కొత్త జోడు దానికేం చేస్తుంది?" అంది మా ఆవిడ, బిల్లు చూసి. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

అసలు సంగతి బయటపడింది వీరాపురంలో. మాది హిందూపురం వైపు, సెలవులకి ఊరెళ్తూ కొడికొండ చెక్‌పోస్టు దాటాక చిలమత్తూరు మీదుగా ఆ ఊళ్లోకి తిరిగాం. ఊరి మధ్య చింతచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు. సైబీరియా నుంచి వస్తాయని పేపర్లలో రాస్తుంటారు గానీ ఇవి మన దేశపు కొంగలే, నీళ్లూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ ఇక్కడిక్కడే తిరుగుతాయి. చెట్టు కింద రోడ్డంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, చేపల వాసన. మిట్టమధ్యాహ్నం. ఒక గూట్లో తల్లి కొంగ రెక్కలు సగం విప్పి, పిల్లల మీద గొడుగులా పట్టుకుని నిలబడింది. ఇంత దగ్గర, ఇంత పెద్ద పిట్ట, అయినా నాకు తేటగా కుదరట్లేదు.

అరుగు మీద కూర్చున్న అవ్వ ఒకామె నన్నే చూస్తోంది. చూస్తావా అవ్వా అని ఇచ్చాను. కాసేపు చూసి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, "ఏం నాయనా, ఈ పక్క పొగ కమ్మినట్టుందే?" అంది.

"ఆపరేషన్ అయిన కన్నా అవ్వా అది?"

"రెండింటికీ అయింది. ఆ చెట్టు కొనన కాకి వాలినా చెప్తా. నీ దుర్భిణికే పొర వచ్చుంటాది."

ఆమెకి సరిచేద్దామని రింగు పట్టుకుని చూశాను. మైనస్ వైపు రెండో గీత దగ్గరుండాల్సిన చుక్క ప్లస్ వైపు చివరికి పోయి కూర్చుంది. వేలు ఆనిస్తే చాలు, నూనె రాసినట్టు జారుతోంది. బ్యాగులో పెట్టేటప్పుడు, మెడలో వేసుకుని నడుస్తుంటే చొక్కా గుండీకి రాసుకున్నప్పుడు, కొంచెం కొంచెంగా తిరిగి తిరిగి అక్కడికి చేరింది. రెండేళ్లుగా నేను ఒంటికన్నుతో పిట్టల్ని చూస్తున్నానన్నమాట. సున్నా దగ్గర పెట్టగానే అవ్వకి తేటపడింది. నేను మైనస్ రెండుకి తెచ్చుకుని చూస్తే, పిల్ల కొంగ నోరు తెరిచినప్పుడు లోపలి ఎరుపు కూడా కనిపించింది. సంతోషించాలా, ఏడవాలా అర్థం కాలేదు.

బెంగళూరు తిరిగొచ్చాక సర్వీసు సెంటర్‌కి పట్టుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి రింగు తిప్పి చూసి, "తిరగడానికే కదా సార్ రింగు ఉన్నది?" అన్నాడు. వారంటీ లోపలి అద్దాలకేనట, వదులు అయితే వాడకం వల్ల వచ్చిన అరుగుదల కిందికి వస్తుందట. ఖరీదైన మోడల్స్‌లో ఈ రింగుకి తాళం ఉంటుంది, పైకి లాగితేగానీ తిరగదు. నా ధరలో తాళం అడగడం అత్యాశే కావచ్చు. బిగుతు అడగడం అత్యాశ కాదు కదా.

చివరికి పని చేసింది మెయిన్ రోడ్డు మీది పంక్చర్ షాపు. పాత సైకిల్ ట్యూబు అడిగితే ఊరికే ఇచ్చాడు. వేలి వెడల్పు ముక్క అడ్డంగా కత్తిరించి, సగం రింగు మీద, సగం కింది గొట్టం మీద పడేలా తొడిగాను. అంతకుముందే మా ఆవిడ తెల్ల నెయిల్ పాలిష్‌తో రింగు మీదా గొట్టం మీదా ఎదురెదురుగా చుక్కలు పెట్టాను, జరిగితే తెలియాలని. పద్నాలుగు నెలలైంది, చుక్కలు ఎదురెదురుగానే ఉన్నాయి. చిక్కల్లా, ఆ ట్యూబు అడ్డొచ్చి, కంటికి ఆనే చోట ఉండే కప్పు పూర్తిగా కిందికి దిగట్లేదు, జోడు పెట్టుకుని చూసే చుట్టాలకి ఇబ్బంది. ఏప్రిల్‌లో కారులో వదిలేస్తే రబ్బరు జిగురు పట్టింది, అప్పుడొకసారి మార్చాను.

మరి కొనొచ్చా అంటే, మీ రెండు కళ్లూ ఒకేలా ఉంటే, లేదా జోడుతోనే చూసే అలవాటుంటే, మీ రింగు ఉండాల్సింది సున్నా దగ్గరే కాబట్టి అది దాటిన రోజు మీరే గమనిస్తారు, నాలా రెండేళ్లు పట్టదు. నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకాయనకి అసలు జోడే లేదు, ఆయన చాలా బాగుందంటాడు. ఇంకొకాయనకి ఫోన్ చేసి రింగు చూసుకోమన్నాను. "ఏ రింగు?" అన్నాడు. వానాకాలంలో లోపల తేమ చేరడం లాంటివి నాకు ఎదురవలేదు, కాకపోతే నేను దాన్ని వానలోకి తీసుకెళ్లిందీ తక్కువే. ఇదే డబ్బుకి ఇప్పుడు కొనాలంటే మాత్రం షాపులో ముందు ఆ రింగు మీద వేలు పెట్టి చూస్తాను, తర్వాతే కిటికీలోంచి చూస్తాను.

శివరాత్రికి మళ్లీ ఊరెళ్తున్నాం, వీరాపురం మీదుగానే. ట్యూబు ముక్క ఇంకొకటి కత్తిరించి బ్యాగు పక్క జేబులో వేసి పెట్టాను.