తెల్లకార్డా, వృత్తుల జాబితానా, వీధి లెక్కా: కరోనా లాంటిది మళ్లీ వస్తే ఏది మేలు?

2020 ఏప్రిల్ రెండో వారం. విజయవాడ విద్యాధరపురం కొండ మెట్ల మీద బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు మోసుకుంటూ మేం నలుగురం ఎక్కుతున్నాం. సగం దూరం ఎక్కాక ఒకావిడ గడపలోంచే అడిగింది: "బాబూ, మాకు కార్డు లేదు. అయినా ఇస్తారా?" ఆమె భర్త బెంజిసర్కిల్ వైపు ఒక హోటల్లో దోసె మాస్టర్. జనతా కర్ఫ్యూ ముందు రోజు రాత్రి దించిన షట్టరు మళ్లీ లేవలేదు. అప్పటిదాకా నెలకు పదమూడు వేలు వచ్చేవి. పట్టణాల్లో బియ్యం కార్డుకు పెట్టిన ఆదాయ పరిమితి నెలకు 12 వేలు. వెయ్యి రూపాయలు ఎక్కువ సంపాదించినందుకు ఆ ఇల్లు జాబితాకు బయటే ఉండిపోయింది. మేం తలుపు దగ్గర నిలబడిన రోజున ఆ ఇంటి ఆదాయం సున్నా.

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. ఎవరికి ఎంతుందో చెప్పే లెక్కలు సర్కారు దగ్గర రకరకాలుగా ఉన్నాయి. ఊరంతా మూతబడినప్పుడు వాటిలో దేన్ని పట్టుకుని నడవాలి? ఆదాయ పరిమితి మీద నడిచే కార్డునా, వృత్తిని బట్టి రాసిన జాబితానా, వీధి వీధికీ తీసిన లెక్కనా?

కార్డుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ రోజు మనల్ని ఆదుకున్నది అదే. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 4న కార్డున్న కుటుంబాలకు వెయ్యి రూపాయలు ఇంటి గుమ్మంలో చేతికందాయి. యాభై ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లు ఉండటం, పేర్లన్నీ ముందే రాసి ఉండటం వల్లే పది రోజుల్లో అది సాధ్యమైంది. అప్పటికప్పుడు కొత్త జాబితా రాద్దామని కూర్చుంటే మే నెల వచ్చేది. ఇంకో మంచి కూడా ఉంది. ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం లెక్కగట్టే కార్డులకన్నా మన రాష్ట్రంలో కార్డులు ఎక్కువ, ఆ తేడా బరువు రాష్ట్రమే మోస్తుంది. వల వెడల్పుగా ఉండబట్టి ఎంతోమంది అందులో మిగిలారు.

కానీ కార్డు చూపించేది నిరుటి మనిషిని. కరోనా లాంటి దెబ్బ పడ్డప్పుడు అసలు తెలియాల్సింది ఈ వారం ఎవరి రాబడి ఆగిందన్నది. మండల ఆఫీసులో నెలనెలా జీతం పడే గుమాస్తా, దోసె మాస్టర్ మార్చి దాకా పక్కపక్క మెట్ల మీదే ఉన్నారు. ఏప్రిల్లో ఒకరు పైనే ఉన్నారు, ఒకరు పడిపోయారు. కార్డుకు ఆ తేడా తెలియదు.

షరతుల్లో ఇంకో ముడి ఉంది. నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు కాలిస్తే కార్డుకు అనర్హత. మంచి ఉద్దేశంతో పెట్టిందే, ఏసీలున్న ఇళ్లను తీసేయడానికి. మన బెజవాడలో ఒక్క మీటరు కింద మూడు వాటాలుండే ఇళ్లు ఎన్నో! మూడు కుటుంబాల ఫ్యాన్లూ టీవీలూ కలిసి బిల్లులో ఒక డబ్బున్న ఇల్లుగా కనిపిస్తాయి. ఇక ఆటోనగర్ షెడ్లలో పనిచేసే బిహార్, ఒడిశా కుర్రాళ్ల కార్డులు వాళ్ల సొంతూళ్లలో ఉన్నాయి. ఎక్కడి కార్డుకైనా ఎక్కడున్నా రేషన్ ఇచ్చే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' ఏర్పాటులో మన రాష్ట్రం ముందే ఉన్నా, బిహార్ 2020 మేలో, ఒడిశా జూన్‌లో వచ్చి చేరాయి. అప్పటికి ఆ కుర్రాళ్లలో చాలామంది హైవే పట్టారు.

వృత్తుల జాబితా గురించి ఎక్కువ చెప్పను. జూన్ 4న వాహనమిత్ర కింద ఆటో, టాక్సీ డ్రైవర్లకు 10 వేలు, జూన్ 10న చేదోడు కింద దర్జీలకు, రజకులకు, నాయీ బ్రాహ్మణులకు 10 వేలు పడ్డాయి. పని ఆగినవాళ్లనే నేరుగా చూసింది కనుక ఆలోచన కార్డుకన్నా పదునైనది, మొత్తమూ పెద్దది. చిక్కల్లా జాబితాకెక్కే దారిలో ఉంది. వాహనమిత్ర సొంత ఆటో ఉన్నవాళ్లకు. రోజుకింత అని ఓనరుకు కట్టి నడిపేవాడికి సొంతబండి వాడికన్నా కష్టం ఎక్కువ, అయినా పేరు లేదు. గుంటూరు సంగతి ఇంకా స్పష్టం. మంచి సీజన్లో మిర్చియార్డు మూతపడితే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తే ముఠా కూలీలకైనా ఒక పేరుంది, లెక్క ఉంది. కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లది ఏ వృత్తి? ఏ జాబితాలో వెతకాలి? ఆఫ్రికాలో టోగో అనే చిన్న దేశం ఇదే మెట్టు దగ్గర తడబడి తేరుకుంది. 2020 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ఓటర్ల జాబితాలో రాసున్న వృత్తిని చూసి ఫోన్లకు డబ్బు పంపింది. పల్లెల్లో పేదలు దొరకడం లేదని తెలిశాక ఉపగ్రహ చిత్రాలతో నిరుపేద ప్రాంతాలను గుర్తించి, అక్కడ ఎవరికివ్వాలో ఫోను వాడకాన్ని బట్టి తేల్చింది. అంటే వృత్తితో మొదలుపెట్టి చోటు దగ్గరికి వచ్చింది.

చోటు దగ్గరికి వెళ్లేముందు అసమానతను కొలిచే అంకె గురించి చెప్పాలి. గిని సూచిక అంటారు, ఇటలీకి చెందిన కొర్రాడో గిని పేరు మీద. సున్నా అంటే అందరికీ సమానం, ఒకటి అంటే అంతా ఒక్కడి చేతిలో. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణాల గిని 0.314, పల్లెలది 0.266. ఇది ఖర్చుల మీద కట్టిన లెక్క. ఆదాయం మీద కడితే అంకె ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఉన్నవాడు వచ్చిందంతా ఖర్చుపెట్టడు, లేనివాడు అప్పు చేసి మరీ తింటాడు. 2020 మార్చి నాటికి మన చేతిలో ఈ లెక్క కూడా లేదు. 2017-18 సర్వే ఫలితాలను కేంద్రం విడుదల చేయలేదు. ఉన్నది 2011-12 నాటిది, రాష్ట్రం ఇంకా విడిపోని కాలానిది. రాజధాని రాకతో అద్దెలూ కూలి రేట్లూ తారుమారైన విజయవాడ ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

తాజా లెక్క ఉన్నా గినిని వార్డు మీద వాడటంలో ఒక ప్రమాదముంది. కొండ మీద ఒక సందు అనుకోండి, పది ఇళ్లూ నెలకు తొమ్మిదేసి వేలే సంపాదిస్తాయి. ఆ సందులో గిని సున్నా! కాగితం మీద ఊరంతటిలో అదే సమానత్వం నిండిన వీధి. అసమానత ఉన్నది ఆ సందులో కాదు, ఆ సందుకూ మొగల్రాజపురంలోని పెద్ద రోడ్డుకూ మధ్య. కనుక చూడాల్సింది వీధికీ వీధికీ ఉన్న అంతరం. మొత్తం నగరానికి ఒక్క అంకె తీసి ఫైల్లో పెట్టుకుంటే ట్యాంకరు ఏ మలుపులో ఆగాలో అది చెప్పదు.

వీధి లెక్క అని నేనంటున్నది ఏమిటంటే: గదికి ఎంతమంది, కుళాయి ఇంట్లోనా బజారులోనా, మరుగుదొడ్డి సొంతమా ఉమ్మడా, అద్దె ఇళ్లెన్ని, రోజుకూలి మీద బతికే ఇళ్లెన్ని. వీటిలో సగం ఆస్తి పన్ను, నీటి కనెక్షను, కరెంటు రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి. మిగతా సగం వార్డు సచివాలయం వాళ్లు నాలుగైదు ఆదివారాలు తిరిగితే తెలుస్తుంది. వాలంటీర్ల వ్యవస్థ 2024 తర్వాత సాగలేదు కాబట్టి ఆ పని ముందుగానే చేసి ఉంచడం ఇప్పుడు మరీ అవసరం.

నన్ను ఈ వైపు మొగ్గేలా చేసింది ముంబయి. 2020 జులైలో అక్కడ మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేస్తే మురికివాడల్లో 57 శాతం మందికి అప్పటికే వైరస్ సోకినట్టు తేలింది, అదే వార్డుల్లోని మిగతా ఇళ్లలో 16 శాతం. ఒకే వార్డు, నడిచి వెళ్లేంత దూరం! దూరంగా ఉండండని చెప్పిన మాటను పాటించడానికి ఒకరికి గది ఉంది, ఒకరికి లేదు. కార్డు ఎవరికి బియ్యమివ్వాలో చెబుతుంది, అంతవరకే. పరీక్షా శిబిరం ఎక్కడ పెట్టాలి, సోకినవాళ్లను విడిగా ఉంచే కేంద్రం ఎవరికి దగ్గరగా ఉండాలి, నీళ్లు రెండు పూటలా ఎక్కడ వదలాలి అన్నవి వీధి లెక్క చూస్తేనే తేలతాయి. రాణిగారితోటలో ఉమ్మడి కుళాయి దగ్గర బిందెలు పట్టే ఆడవాళ్లను "గుమిగూడొద్దు" అని మైకులో చెప్పేకంటే ఇంకో రెండు కుళాయిలు వేయడం మేలు కదా.

చోటును బట్టి సాయం చేయడం మనకు కొత్త కూడా కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురాలను ముంచినప్పుడు కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ప్రకటించారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నదే కొలత. లెక్కింపులో పొరపాట్లు జరిగాయని జనం సచివాలయాల దగ్గర బారులు తీరిన మాట నిజమే, కానీ దెబ్బ ఎక్కడ తగిలిందో అక్కడే కొలిచారు. కరోనా దెబ్బకు అలాంటి నీటి గుర్తు గోడమీద పడదు. ఆ గుర్తును మనమే ముందుగా గీసుకోవాలి.

వీధి లెక్కతో నష్టాలూ ఉన్నాయి. పెద్ద అపార్టుమెంట్ల సెల్లార్‌లో, మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం డబ్బున్న వీధి కింద జమపడి మాయమవుతుంది. అంతకన్నా నాకు భయం కలిగించేది వీధికి చెడ్డపేరు పడటం. రెడ్‌జోన్ పెట్టిన పేటల నుంచి వచ్చే పనిమనుషులను అడ్డు తీశాక కూడా నెలల తరబడి ఇళ్లలోకి రానివ్వలేదు, ఇది నేను మా వీధిలోనే చూశాను. అందుకే వీధి లెక్కను బియ్యం, నీళ్లు, పరీక్షలు పంపడానికే వాడాలి. కట్టెలు కట్టి మూసేయడానికి వాడితే పేదరికానికి శిక్ష వేసినట్టవుతుంది. ఇంటి పేర్లు బయటికి రాకూడదు, వీధి మొత్తాలు చాలు.

నా తీర్పు ఇది. మొదటి వారం కార్డు, అంతకన్నా వేగమైనది లేదు. దాంతోపాటు కార్డు ఉన్నా లేకపోయినా అడిగినవాళ్లందరికీ బియ్యం. అక్కర్లేనివాళ్లు రేషన్ బియ్యం కోసం ఎండలో నిలబడరు, కాబట్టి దీనికి వడపోత అవసరం లేదు. రెండో వారం నుంచి డబ్బు, నీళ్లు, వైద్యం వీధి లెక్క మీద వెళ్లాలి, గుర్తించిన వీధిలో మళ్లీ ఇల్లిల్లూ వడకట్టకుండా. ఆ వీధిలో ఇద్దరు ఉన్నవాళ్లకు కూడా రెండు వేలు వెళ్తే పోయేది నాలుగు వేలు. దోసె మాస్టర్ ఇంటిని వదిలేస్తే జరిగే నష్టం ఏ ఆడిట్‌కూ అందదు. సెల్లార్‌లో ఉండేవాళ్ల కోసం, అద్దె ఆటోవాళ్ల కోసం, తొడిమలు తీసేవాళ్ల కోసం సచివాలయంలో ఒక బల్ల వేసి "ఈ నెల నా పని పోయింది" అని సొంతంగా రాసిచ్చే అవకాశం ఉంచాలి, సర్టిఫికెట్ అడగకుండా. వృత్తుల జాబితాలు ఆ తర్వాత, ఊరు తెరుచుకుని మళ్లీ బండి కట్టుకునే రోజుల్లో పనికొస్తాయి.

ఆవిడకు మేం ప్యాకెట్ ఇచ్చాం. పక్కింటివాళ్లకూ కార్డు లేదని చెప్పి, వాళ్ల కోసం కూడా ఒకటి అడిగి తీసుకుంది.