కళ్లకు తెలుగు, చెవికి బ్రాకెట్లు: ఏడేళ్ల డిజిటల్ చదువు

ఇంటర్‌లో రేచీకటి అనుకున్నది డిగ్రీ అయ్యేసరికి చూపు మెల్లమెల్లగా తగ్గిపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేలింది. అచ్చు పుస్తకం పూర్తిగా దూరమై ఏడేళ్లయింది. అప్పటి నుంచి నా చదువంతా తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లతోనే, ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతో. నల్లగొండలో పిల్లలకు సోషల్ చెప్పుకుంటాను. తెలుగు పుస్తకంతో రోజూ పనిపడుతుంది కాబట్టి, ఆన్‌లైన్ లైబ్రరీల్లో దొరికినదల్లా దించుకుని చూశాను.

ముందు మెచ్చుకోవలసినది. 2016 ఆగస్టులో కేంద్రంలోని దివ్యాంగుల సాధికారత విభాగం అచ్చు చదవలేనివాళ్ల కోసం ప్రారంభించిన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ నాకు బాగా పనికొచ్చింది. సదరం సర్టిఫికెట్ పెట్టి సభ్యుణ్ని అయ్యాను. అక్కడ దొరికే డైసీ అనే రకం డిజిటల్ పుస్తకం మామూలు ఆడియో లాంటిది కాదు. పద్ధతిగా తయారుచేసిన పుస్తకమైతే అధ్యాయం నుంచి అధ్యాయానికి, పేజీ నుంచి పేజీకి దూకొచ్చు. క్లాసులో ఎవరైనా "సార్, 84వ పేజీ" అంటే నేనూ 84వ పేజీకి పోగలను. ఇదేం గొప్ప అనుకునేవాళ్లు మూడు గంటల ఎంపీ3లో ఒక్క పేరా వెతికి చూడండి. కాకపోతే ఎక్కడ చూసినా ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగువి తక్కువ. అందుకే ఊళ్లన్నీ తిరగాల్సి వస్తుంది, అంటే సైట్లన్నీ.

తిరిగితేనే అసలు కథ. ఒక సైట్‌లో పోటీ పరీక్షల పుస్తకం పీడీఎఫ్ దొరికింది, ఉచితం. సంబరంగా ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వినిపించింది ఇది: "బ్రాకెట్, డాలర్, ఎస్, అట్, స్లాష్..." ఫోన్ చెడిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను. చెల్లెను పిలిచి చూపిస్తే "మంచిగ తెలుగే ఉంది గదా అన్నా" అంది. ఇద్దరం నిజమే చెప్తున్నాం. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెర మీద తలకట్టు, కొమ్ము, ఒత్తు అన్నీ కుదురుగా కనిపిస్తాయి. లోపల దాగి ఉండేవి మాత్రం ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులు. కన్ను బొమ్మను చూస్తుంది, స్క్రీన్ రీడర్ లోపలి గుర్తును చదువుతుంది. అదే పుస్తకం, తెలుగు అక్షరాన్ని లోపల కూడా తెలుగు అక్షరంగానే ఉంచే యూనికోడ్‌లో ఉంటే ఈ గొడవే లేదు. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ ఆ ఫాంట్ల మీదే పని నడుస్తోంది కాబట్టి, నిన్న మొన్న వచ్చిన పుస్తకం కూడా నాకు డాలర్లే చదివి వినిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, పది పేజీలకు పర్వాలేదు. నాలుగు వందల పేజీలు మార్చి దిద్దుకోవాలంటే మాత్రం పండుగ సెలవులు పోతాయి.

స్కాన్ పుస్తకాలది ఇంకో బాధ. ఫైలు తెరుచుకుంటుంది, పేజీలు తిరుగుతాయి, ఒక్క మాటా వినపడదు. పేజీ పేజీకీ ఫొటో తప్ప అక్షరం లేదు కదా! అప్పుడు గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్స్‌తో తెరుస్తాను. ఓసీఆర్ ఆ బొమ్మల్లోంచి అక్షరాలు తీసి ఇస్తుంది. శుభ్రమైన అచ్చయితే బాగా వస్తుంది. పాత కాగితం, చెదిరిన అచ్చు అయితే ప, వ, ష ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చుంటాయి. పాలమూరు వలసల మీద ఒక పాత పుస్తకం ఇలాగే తీశాను. మొదటి పేజీలోనే "వాలమూరు పలసలు" అని గంభీరంగా చదివింది. ధకు పొట్టలో గీత పోయి ధనం "దనం" అయింది. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఎడమ వైపు ఒక వాక్యం సగం, కుడి వైపు ఇంకో వాక్యం సగం కలిపేస్తుంది. నిజాం కాలపు భూమి శిస్తు మధ్యలో నాగార్జునసాగర్ ఆనకట్ట వచ్చి నిలబడుతుంది. నవ్వుకోవచ్చు గానీ, పరీక్షకు చదివేవాడికి అది నవ్వు కాదు.

ఒక గ్రంథాలయంలో కంప్యూటర్ పెట్టారని తెలిసి వెళ్లాను. "ఖాళీగనే ఉంది సార్, కూసోండి" అని కుర్చీ జరిపారు, మర్యాదలో లోపం లేదు. అది మాట్లాడదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. జేబులో పెన్ డ్రైవ్ ఉంది కాబట్టి సరిపోయింది. ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీకి ఇన్‌స్టాల్ అక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు, పైసా ఖర్చు లేదు. అది మాట్లాడటం మొదలుపెట్టగానే పక్కన పేపర్ చదువుతున్న పెద్దాయన లేచి నా వెనక నిలబడ్డాడు. పద్యమైనా పంచాయతీరాజ్ చట్టమైనా దానిది ఒకే గొంతని ఆయనే అన్నాడు.

క్యాప్చా గురించి ఎక్కువ రాయను, ఒళ్లు మండుతుంది. మనిషివేనని రుజువుకు సైట్ టైపు చేయమనే వంకర అక్షరాల బొమ్మ, పక్కన ఆడియో ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి చెల్లెకు వాట్సాప్ చేసి, ఆమె జవాబు వచ్చేలోపు సెషన్ అయిపోతుంది.

ఈ లైబ్రరీలు చూపు లేనివాళ్లకే అనుకునేవాళ్లు మా దిక్కు రావాలి. మర్రిగూడ పక్క నా దోస్తు ఒకడున్నాడు. ఫ్లోరైడ్ నీళ్లకు వేళ్లు, మెడ బిగుసుకుపోయాయి. చూపు బ్రహ్మాండం, కానీ లావు పుస్తకం పట్టుకోలేడు, తల వంచి చదవలేడు. అచ్చు చదవలేనివాళ్లకు పుస్తకాలు అందేలా 2013లో మొరాకోలోని మర్రకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో, శారీరక వైకల్యం వల్ల పుస్తకం పట్టుకోలేనివాళ్లూ పేజీ తిప్పలేనివాళ్లూ స్పష్టంగా ఉన్నారు. 2014లో దాన్ని అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం కూడా, మామూలు పుస్తకం చదవలేని వికలాంగుల కోసం దాన్ని వాళ్లకు పనికొచ్చే రూపంలోకి మార్చుకోనిస్తుంది. ఈ సంగతి చెప్తే వాడు "మర్రకేష్‌కు మర్రిగూడకు ఏం చుట్టరికంరా" అన్నాడు. ఇప్పుడు కంటి ఎత్తులో స్టాండు, దాని మీద ఫోన్, తనంతట తానే పైకి జరిగే పేజీలు. అక్షరం పెద్దది చేసినా వరస చెదరని ఈపబ్ రకం ఫైలయితే వాడికి హాయి. పీడీఎఫ్ అయితే ప్రతి లైనుకూ అటూ ఇటూ జరపాలి, ఆ వేళ్లతో.

మొత్తం మీద మార్కులు వేయమంటే, డైసీకి, ఈపబ్‌కు పదికి ఎనిమిది. యూనికోడ్ పీడీఎఫ్‌కు ఆరు. పాత ఫాంటు పీడీఎఫ్‌కు సున్నా, అది కంటికి ఎంత అందంగా ఉన్నా సరే. స్కాన్‌కు ఎన్ని వేయాలో ఇంట్లో ఎవరు సాయం ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. వలసల పుస్తకం ఇంకా నడుస్తోంది. రాత్రి అన్నాలయ్యాక ఫోన్ చదువుతుంది, నేను తేడా పట్టుకుంటాను, చెల్లె కూర్చుని వాలమూరును పాలమూరు చేస్తుంది. నిన్నటికి 61వ పేజీ.