స్పాట్ గన్ నీళ్ళకు వోర్టెక్స్ ఫ్లో సెన్సర్: చాన్నాళ్ళు వాడాక

స్పాట్ వెల్డింగ్ గన్‌లో రేకుల్ని నొక్కే రాగి టిప్‌ని చల్లబరిచే నీళ్ళకు ఫ్లో సెన్సర్ పెట్టుకునేది లీటర్లు లెక్కేసుకోవడానికి కాదు, టిప్ ఊడిన క్షణాన నీళ్ళు కట్టేయడానికి. ఆ ఒక్క పనిలో వోర్టెక్స్ (నీటి సుడులు లెక్కించే) రకం మాకిచ్చిన నిశ్చింత మరేదీ ఇవ్వలేదు.

అంతకుముందు ఉన్నవి చక్రం తిరిగే రకం. కొత్తలో చురుగ్గానే పనిచేస్తాయి. చిక్కంతా రెక్కల్లోని అయస్కాంతాలతోనే. పాత ఇనప పైపుల నుంచి కొట్టుకొచ్చే నల్ల తుప్పు, రజను వాటికే అంటుకుంటుంది. విప్పితే రెక్కల అంచున నల్లటి నూగు, ఇరుసుకు చుట్టుకున్న టెఫ్లాన్ టేపు పోగు. నీళ్ళు నిమిషానికి 4 లీటర్లు పోతున్నా సెన్సర్ రెండే చూపిస్తుంది, లైన్ ఆగిపోతుంది. కడిగితే కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మొదలు. చివరికి విసిగిపోయి షిఫ్టువాళ్ళు దాన్ని బైపాస్ చేస్తారు. ఇక అది ఉన్నా లేనట్టే.

థర్మల్ రకంలో (వేడిచేసిన మొనను నీళ్ళు ఎంత చల్లబరిచాయో చూసేది) తిరిగే భాగం లేదు గానీ స్పందించడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆలోగా నీళ్ళు ప్యానెల్ మీదికీ కేబుళ్ళ మీదికీ చేరిపోతాయి. మొనకు సున్నం పడితే ఇంకా మందగిస్తుంది.

వోర్టెక్స్‌లో నీళ్ళకు అడ్డంగా చిన్న దిమ్మె ఉంటుంది. దాని వెనక పుట్టే సుడులను లెక్కిస్తుంది, అంతే. ఇరుక్కునే ముక్క లేదు. అయితే దాన్ని ఎక్కడ పెట్టారన్నదే అసలు విషయం. టిప్ ఊడితే షాంక్ (టిప్ తొడిగే బోలు కడ్డీ) మూతి తెరుచుకుంటుంది. అడ్డు తొలగింది కాబట్టి సప్లై (గన్‌కి నీళ్ళు వెళ్ళే) వైపు ప్రవాహం పెరుగుతుంది, రిటర్న్ (తిరిగొచ్చే) వైపు పడిపోతుంది. సప్లైలో కూర్చుని తగ్గుదల కోసమే కాచుకున్న సెన్సర్‌కి ఏ లోటూ కనబడదు. రిటర్న్‌లో పెట్టి హద్దు 3 లీటర్లకు కట్టాక, నీళ్ళు చిమ్మీ చిమ్మకముందే సోలెనాయిడ్ (కరెంటుతో నడిచే వాల్వ్) మూసుకోవడం చూస్తే ప్రాణం లేచొచ్చింది. రెండు వైపులా పెట్టి తేడా చూసుకుంటే మరీ మంచిది. రిటర్న్‌లో చెక్ వాల్వ్ (నీళ్ళను ఒకవైపే పోనిచ్చేది) కూడా ఉండాలి. లేకపోతే సప్లై మూసినా హెడర్‌లో (అన్ని గన్‌ల నీళ్ళూ కలిసే పెద్ద పైపులో) ఉన్న ఒత్తిడికి నీళ్ళు వెనక్కొచ్చి కారుతూనే ఉంటాయి.

అలాగని ఇది ఎక్కడ బిగించినా నడిచే సరుకు కాదు. గన్ మీదే బిగిస్తే మూసుకున్న ప్రతిసారీ వచ్చే అదురుకు రీడింగ్ ఎగురుతుంది, అందుకని ప్యానెల్ పక్క మానిఫోల్డ్ (నీళ్ళను హోసులకు పంచే దిమ్మ) మీదే పెట్టాలి. ముందు పైపు వ్యాసానికి పదింతలు, వెనక అయిదింతలు తిన్నటి పైపు ఇవ్వాలి. ఎల్బో ఆనించి పెడితే అంకె నిలవదు. ప్రవాహం బాగా తగ్గితే సుడులే పుట్టవు, రీడింగ్ ఒక్కసారిగా సున్నాకి పడుతుంది. మాలాంటి బోరు నీళ్ళలో ఇంకో మాట: లోపల సున్నం పేరుకుని దారి సన్నబడితే వేగం పెరిగి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇది నిజంగా ప్రమాదమే. అప్పుడప్పుడూ రిటర్న్ హోస్‌ని కొలత గిన్నెలోకి వదిలి చూడాలి. 4 లీటర్లన్న చోట 15 సెకన్లకు ఒక లీటరు నిండాలి.

ఏ రకమైనా పట్టుకోలేనిది ఒకటుంది. హోసులు తారుమారై నీళ్ళు టిప్ దాకా తీసుకెళ్ళే లోపలి గొట్టంలోంచి కాకుండా పక్కనుంచి వెళ్ళినా, గొట్టం పొట్టిదై టిప్ అడుగుదాకా అందకపోయినా అంకె నిక్షేపంగానే ఉంటుంది, టిప్ మాత్రం పుట్టగొడుగులా విచ్చుకుపోతుంది.

కచ్చితత్వంలో మాగ్నెటిక్ రకమే మేలు. కానీ మోడల్‌ని బట్టి నీటికి సెంటీమీటరుకు కనీసం 5 నుంచి 20 మైక్రోసీమెన్స్ వాహకత (కరెంటును పోనిచ్చే గుణం) ఉండాలి, డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్ళు పోసే చోట పనికిరాదు. వెల్డ్ కరెంటు కేబుళ్ళకు దూరంగా పెట్టుకోవాలి కూడా. మావి నేల మీద నిలబెట్టిన గన్‌లు, టిప్‌కి 4 లీటర్లు తగ్గవు, అందుకే వోర్టెక్స్ కుదిరింది. సన్నటి హోసులతో 2 లీటర్ల లోపు నడిపే రోబో గన్‌లున్నవాళ్ళు ముందు ఒక్క గన్ మీద పెట్టి చూసుకున్నాకే మిగతావి కొనండి.