మెనోపాజ్‌కి హార్మోన్లు: మాత్రా, జెల్లా, అసలు వద్దా?

ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం... వీటికి హార్మోన్లు వాడొచ్చా, వాడితే మాత్రలా జెల్లా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఈమధ్యే జెల్ మొదలుపెట్టినదాన్ని. నా మొగ్గు ఎటో మీకే తెలిసిపోతుంది.

ముందు భయం సంగతి. హార్మోన్లంటే క్యాన్సరే అనే ఆడపడుచో తోడికోడలో ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ మాట బాగా పాకింది 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం తర్వాతే. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ తరహా మందు అనే రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, వాడనివాళ్లలో 30 మందికి వచ్చింది. పెరిగిన మాట నిజమే. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 63, గుండెపోటు, పక్షవాతం లెక్కలు ఆ వయసులో వేరు, నలభై ఏడులో వేరు. అరవై లోపు, పీరియడ్స్ ఆగి పదేళ్లు దాటకముందు మొదలుపెడితే, ఆవిర్లతో సతమతమయ్యేవాళ్లలో చాలామందికి లాభమే ఎక్కువని నిపుణులు ఇప్పుడు చెబుతున్నారు.

అందుకే నన్నడిగితే తేల్చేది మాత్రా జెల్లా కాదు, పీరియడ్స్ ఏ వయసులో ఆగాయన్నది. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఎనిమిదేళ్లకే, అదీ ఒక్క పూటలో మెనోపాజ్. ఎముకలు, గుండె మీద దెబ్బ పడేది వీళ్లకే, వేరే అడ్డు లేకపోతే మామూలుగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ వాడమనేదీ వీళ్లనే. తీరా చూస్తే చాలామంది చేతిలో ఉండేది కాల్షియం మాత్రల చీటీ. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి ఇచ్చిన పాత డిశ్చార్జ్ సమ్మరీ బయటికి తీయండి, 'బీఎస్ఓ' అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. గర్భసంచి లేనివాళ్లకి ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు, ఆ అధ్యయనంలోనే ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. గర్భసంచి ఉంటే మాత్రం ప్రొజెస్టరాన్ తప్పనిసరి.

ఇక ఈస్ట్రోజన్ మాత్ర. దాంతో ఉన్న సుఖం, బీపీ మాత్రల డబ్బాలో కలిసిపోతుంది, అత్తగారు ఆరా తీయరు. కానీ అది లివర్ మీదుగా వెళ్తుంది కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు కాస్త పెంచుతుంది. జెల్ చర్మం నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది, మామూలు డోసులో ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. బరువు, బీపీ ఉన్నవాళ్లు జెల్ గురించే అడగాలి. చిరాకు లేదని కాదు. స్నానమయ్యాక తొడకో భుజానికో రాసుకుని ఆరేదాకా బట్టలు వేసుకోకూడదు, మే నెల హైదరాబాద్‌లో, ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ప్రయత్నించి చూడండి! రాసిన చోటు చంటిపిల్లలకి తగలకూడదు కూడా.

సోయా గింజలు, పొడులు? తినండి, నష్టం లేదు, ఆవిర్లు తగ్గుతాయన్న ఆశ మాత్రం పెద్దగా వద్దు. కింద మంట, పొడిబారడం ఒక్కటే బాధైతే అక్కడ రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ సరిపోతుంది.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కారణం తేలని బ్లీడింగ్ ఉన్నవాళ్లు సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు. మిగతావాళ్లు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ రీడింగులు, మామోగ్రామ్ రిపోర్టు, ఆ డిశ్చార్జ్ కాగితం పట్టుకెళ్లండి.